50 కేఎల్‌డీ కంటైనర్ ఎంబీఆర్ ప్లాంటు: పదకొండు వందల మంది ఊరికి కొనవచ్చా?

ఎంబీఆర్ అంటే మెంబ్రేన్ బయోరియాక్టర్: మురుగును బాక్టీరియా తింటాయి, సన్నటి రంధ్రాల పొర (మెంబ్రేన్) నీటిని వడగడుతుంది. అమ్మేది 40 అడుగుల ఇనప కంటైనర్. లోపల అనాక్సిక్ (గాలి ఊదని) గది, గాలి ఊదే గది, మెంబ్రేన్లు వేలాడే గది, ఒక మూల రెండు బ్లోయర్లు, శుద్ధి నీరు లాగే పంపు, ప్యానెల్ బోర్డు. క్రేనుతో దించి పైపులు బిగించి కరెంటిస్తే మురుగు తేటనీరై బయటికొస్తుందని చెప్పి అమ్ముతారు. అపార్టుమెంట్లకు, హాస్టళ్లకు అలవాటైన ఈ సరుకును గ్రామ పంచాయతీలకూ చూపిస్తున్నారు. చాలా కంపెనీలు ఇంచుమించు ఒకే నమూనాలో చేస్తున్నాయి కనుక ఈ సమీక్ష ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు, ఆ నమూనా గురించే.

నీటి నాణ్యతకు వంక పెట్టలేం. సరిగా నడిచే ఎంబీఆర్ నుంచి వచ్చే నీటిలో బీఓడీ (మురుగును తినడానికి బాక్టీరియాకు పట్టే ఆక్సిజన్, అంటే మురుగు బలం) లీటరుకు 5 మి.గ్రా. దగ్గర, కలక 1 ఎన్‌టీయూ (కలకను కొలిచే యూనిట్) లోపు ఉంటాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న ఇచ్చిన ఉత్తర్వులోని గట్టి ప్రమాణాలను (లీటరుకు మి.గ్రా.ల్లో బీఓడీ 10, రసాయనాలతో కొలిచే ఆక్సిజన్ అవసరం సీఓడీ 50, తేలే ఘనపదార్థాలు 20, మొత్తం నత్రజని 10) అందుకోగల సత్తా దీనికుంది. చిక్కంతా లేబుల్ మీదున్న అంకెతోనే. ఆ 50 పట్నం లెక్కలో 50.

లేబుల్ మీద అంకె

కేఎల్‌డీ అంటే రోజుకు ఎన్ని వేల లీటర్లు అని. బాక్టీరియాకు లీటర్లతో పని లేదు, వాటికి కావలసింది తిండి. కేంద్ర ప్రభుత్వ నీటి, పారిశుద్ధ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ మాన్యువల్ లెక్కన ఒక మనిషి రోజుకు వదిలే బీఓడీ 27 గ్రాములు. పట్నంలో మనిషికి 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా వస్తే 108 లీటర్లు. 27 గ్రాములను అందులో కలిపితే లీటరుకు 250 మి.గ్రా. అమ్మకందారు డిజైన్ షీటు మీద కనిపించే 250 అంకె ఇక్కడి నుంచి వచ్చిందే.

పల్లెలో జల్ జీవన్ మిషన్ సరఫరా మనిషికి 55 లీటర్లు. 80 శాతం అంటే 44. అదే 27 గ్రాములు 44 లీటర్లలో కలిస్తే లీటరుకు 614 మి.గ్రా. పదకొండు వందల మంది ఊరి నుంచి రోజుకు సుమారు 48 వేల లీటర్లు వస్తాయి కాబట్టి 50 కేఎల్‌డీ ప్లాంటు సరిగ్గా సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 250 మీద కట్టిన 50 కేఎల్‌డీ పెట్టె మోయగలిగేది రోజుకు 12.5 కిలోల బీఓడీ. ఊరు పంపేది దాదాపు 30 కిలోలు. అంటే నీళ్ల లెక్కన ఊరంతటికీ సరిపోయిన ప్లాంటు, బరువు లెక్కన 460 మందికే.

అందుకే టెండరులో "50 కేఎల్‌డీ" అని మాత్రమే రాయకూడదు. రోజుకు ఎన్ని కిలోల బీఓడీ, ఎన్ని కిలోల నత్రజని అని రాయాలి. ఊరి అసలు లెక్క తెలుసుకోవడం కష్టం కాదు. మురుగు కాలువ చివర 90 డిగ్రీల వీ ఆకారపు గంటు (వీ-నాచ్) ఉన్న రేకు బిగించి, 24 గంటలపాటు గంటకోసారి నీటి ఎత్తు కొలవాలి. నాచ్ అడుగు నుంచి ఎత్తు 5 సెం.మీ. ఉంటే సెకనుకు సుమారు 0.8 లీటర్లు, 7 ఉంటే 1.8, 10 ఉంటే 4.4. గంటగంటకూ తీసిన శాంపిళ్లను ఆ గంట ప్రవాహానికి తగ్గట్టు కలిపి ల్యాబుకు పంపాలి. ఒక మామూలు రోజు, ఒక పండగ రోజు చేస్తే చాలు. సొంత బోర్లున్న ఇళ్లు ఎక్కువైతే నీళ్లు పెరిగి మురుగు పలచబడుతుంది. అది కూడా ఈ కొలతలోనే బయటపడుతుంది.

ఇదంతా మరుగుదొడ్ల నీరు కూడా గొట్టాల్లో ప్లాంటుకు వచ్చే ఊరి సంగతి. మన ఊళ్లలో ఎక్కువ చోట్ల మరుగుదొడ్డి నీరు జంట గుంతల్లోకో సెప్టిక్ ట్యాంకులోకో పోతుంది. సైడు కాలువలోకి వచ్చేది స్నానాల నీరు, అంట్ల నీరు, బట్టల నీరు, పశువుల కొట్టం కడిగిన నీరు. ఆ నీటికి ఎంబీఆర్ పెట్టడం దండగ. సబ్బు నురగ ఎక్కువ, బాక్టీరియాకు కావలసిన నత్రజని తక్కువ, ఇసుక విపరీతం. నేల ఇంకేదైతే ఇంటింటికీ ఇంకుడు గుంత, వీధి చివర సామూహిక గుంత చాలు. డెల్టాలో నీటిమట్టం పైనే ఉండే ఊళ్లలో, నల్లరేగడి నేలల్లో గుంతలు ఇంకవు. అక్కడ కూడా మొదట చూడాల్సింది మొక్కల గులకపడకనే. దాని లెక్క చివర్లో ఉంది.

పెట్టెకు ముందు ఏముండాలి

కొటేషన్‌లో సాధారణంగా "సివిల్ పనులు కొనుగోలుదారు పరిధిలో" అని ఒక్క వాక్యం ఉంటుంది. ప్లాంటు బతుకంతా ఆ వాక్యంలోనే ఉంది.

తెరిచిన కాలువల్లో వచ్చే నీటిలో ఇసుక, ప్లాస్టిక్ సంచులు, పేడ పీచు, చికెన్ షాపు ఈకలు, క్షవరశాల వెంట్రుకలు ఉంటాయి. మెంబ్రేన్‌కు వీటిలో ప్రధాన శత్రువు వెంట్రుక. అది మెంబ్రేన్‌లోని బోలు దారాల మధ్య చుట్టుకుని, దానికి పేడ పీచు అతుక్కుని, జడలా పేనుకుంటుంది. ఒకసారి పేనుకుంటే మాడ్యూల్ పైకి తీసి చేత్తో విప్పడం తప్ప దారి లేదు. అందుకే మొదట 10 మి.మీ. సందులున్న ఊచల జాలీ, తర్వాత ఇసుక తొట్టి, ఆ తర్వాత 2 మి.మీ. గుండ్రటి రంధ్రాల జల్లెడ పెట్టాలి. గుండ్రటి రంధ్రమే కావాలి. చీలిక సందుల జల్లెడలో వెంట్రుక నిలువుగా దూరిపోతుంది, లేబుల్ మీద 2 మి.మీ. అని రాసి ఉన్నా ఆపదు. హోటళ్లు, ఫంక్షన్ హాలు ఉన్న వీధి అయితే జిడ్డు పట్టే తొట్టి వాళ్ల గేటు దగ్గరే కట్టించాలి. జిడ్డు ప్లాంటు దాకా వచ్చాక మెంబ్రేన్ మీద అది పట్టించే మైనాన్ని మామూలు శుభ్రతతో వదిలించలేరు.

తర్వాత సమతుల ట్యాంకు. ఊళ్లో కుళాయి నీరు పొద్దున్నే గంటో రెండు గంటలో వదులుతారు. మురుగు కూడా ఆ వెంటే ఉరుకుతుంది, సగటుకు మూడు రెట్లు పైనే. సగటు సెకనుకు 0.58 లీటర్లయితే ఉదయం 1.8 దాటుతుంది. మెంబ్రేన్ ఈ ఆటుపోట్లకు తట్టుకోదు, దానికి రోజంతా ఒకే వేగం కావాలి. 50 కేఎల్‌డీకి 25 ఘనమీటర్ల ట్యాంకు, అంటే సగం రోజు నీరు పట్టేది కట్టాలి. ఖర్చు తగ్గించడానికి చాలా డ్రాయింగుల్లో ఇది 6 గంటలకు, అంటే 12.5 ఘనమీటర్లకు దిగిపోతుంది. అక్కడ ఒప్పుకోవద్దు. ట్యాంకు అడుగున ముతక బుడగల గాలి గొట్టాలు వేయకపోతే నీరు కుళ్లుతుంది, ఊరు మొట్టమొదట ఫిర్యాదు చేసేది ఆ వాసన గురించే.

మెంబ్రేన్

రెండు రకాలొస్తాయి. బోలు దారాలవి, పలకలవి. దారాల మాడ్యూలు తక్కువ జాగాలో ఎక్కువ వైశాల్యం ఇస్తుంది, వెనక్కి నీరు కొట్టి కడగవచ్చు. పలకలు ఎక్కువ జాగా తింటాయి, ఖరీదు కూడా ఎక్కువే, కానీ వెంట్రుకలను మరింత ఓర్చుకుంటాయి. చెడిన పలకను ఒక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. పల్లెకు పలకలే మేలని మా నిశ్చితాభిప్రాయం.

వైశాల్యం దగ్గర లెక్క చూడండి. రోజుకు 50 వేల లీటర్లంటే గంటకు 2083. చదరపు మీటరుకు గంటకు 25 లీటర్లు లాగుతామని చెబితే 83 చదరపు మీటర్లు సరిపోతాయి, 15 లాగితే 139 కావాలి. కొటేషన్లు చవగ్గా కనిపించేది 25 దగ్గర. శిక్షణ పొందిన మనిషి రోజంతా దగ్గరుండని చోట 15 దాటొద్దు. మెంబ్రేన్‌ను గట్టిగా పీల్చినకొద్దీ బురద దాని రంధ్రాల్లోకి దిగుతుంది, కడిగే మోతాదు పెరుగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. 9 నిమిషాలు లాగి 1 నిమిషం ఆపే పద్ధతి టైమరులో ఉండాలి. ఆ ఒక్క నిమిషంలో కింది నుంచి వచ్చే గాలి బుడగలు పైన పట్టిన పొరను రాల్చేస్తాయి. నీరు ఎక్కువ తీయాలని ఆపరేటరు ఈ విరామం ఎత్తేస్తే మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత పీల్చే ఒత్తిడి ఎక్కడం మొదలవుతుంది.

రోజూ రాయాల్సిన అంకె ఆ ఒత్తిడే. పలకలకు 0.2 బార్ దగ్గరికొస్తే రసాయన శుభ్రత చేయాలి. దారాలకు 0.3 దాటనివ్వకుండా ముందే చేయడం మంచిది. పలకలకు 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నింపి రెండు గంటలు నాననిస్తారు. బజారు హైపో 10 శాతం బలంతో ఉంటే 100 లీటర్ల ద్రావణానికి 5 లీటర్లు. రేకుల షెడ్డులో మే ఎండకు నెల రోజులున్న హైపోకు ఆ బలం ఉండదు, కొద్దికొద్దిగా తెప్పించుకోవాలి. కఠిన జలం ఉన్న ఊళ్లలో సున్నపు పొర పోవడానికి సిట్రిక్ యాసిడ్‌తో ఇంకో విడత కావాలి. ఈ రెంటినీ ఒకే డ్రమ్ములో, ఒకే గొట్టంలో కలవనివ్వకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. మధ్యలో మంచినీళ్లతో పూర్తిగా కడగాలి. డ్రమ్ములకు వేరువేరు రంగులు వేయించండి.

కొత్త మెంబ్రేన్ తడిశాక మళ్లీ ఎండకూడదు. మార్చిలో పెట్టె దిగుతుంది, మెంబ్రేన్లు బిగించి నీళ్లతో పరీక్ష చేస్తారు, త్రీఫేజ్ మీటరు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా ట్యాంకు ఎండితే రంధ్రాలు ముడుచుకుపోయి, ప్రారంభోత్సవానికి ముందే సామర్థ్యం పోతుంది. మీటరు ముందు, మెంబ్రేన్ చివర. నురగ వచ్చిందని సిలికాన్ యాంటీఫోమ్ పోయడం కూడా ఇంతే నష్టం, అది మెంబ్రేన్‌ను మూసేస్తుంది. మొదటి మూడు నాలుగు వారాల నురగ మామూలే. నీళ్ల జల్లుతో అణచాలి. దగ్గర్లో నడుస్తున్న ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) నుంచి ట్యాంకరుతో విత్తనపు బురద తెచ్చి, 2 మి.మీ. జల్లెడ గుండా పోసుకుంటే ఆ వారాలు కూడా తగ్గుతాయి.

గాలి, క్షారత

పెట్టెలో బ్లోయర్ సైజు బీఓడీ ఒక్కదానికే కట్టారేమో అడగండి. పదకొండు వందల మంది నుంచి రోజుకు దాదాపు 5.9 కిలోల నత్రజని వస్తుంది. బురదలోకి పోయేది పోగా సుమారు 4.4 కిలోల అమ్మోనియాను నైట్రేటుగా మార్చాలి. కిలోకు 4.57 కిలోల ఆక్సిజన్ చొప్పున 20 కిలోలు. బీఓడీకి పట్టే 30 కిలోలకు ఇది అదనం. దీన్ని వదిలేసి కట్టిన ప్లాంటు నుంచి నీరు తేటగా వస్తుంది, బీఓడీ పరీక్ష పాసవుతుంది, కానీ చెరువులో చేపలు చస్తాయి. అమ్మోనియా కంటికి కనిపించదు.

అమ్మోనియా మారుతున్నప్పుడు క్షారత (నీటి పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) కూడా తింటుంది, కాల్షియం కార్బొనేట్ లెక్కన కిలో నత్రజనికి 7.14 కిలోలు. అనాక్సిక్ గదిలో నైట్రేటు విడిపోతే అందులో సగం తిరిగొస్తుంది. మూడింట రెండొంతులకు పైగా నైట్రేటు అలా విడిపోతుందనుకుని లెక్కగడితే, లోపలికొచ్చే మురుగులో క్షారత లీటరుకు కనీసం 500 మి.గ్రా. ఉండాలి. మూత్రంలోని యూరియా విడిపోతూ కొంత ఇస్తుంది, మిగతాది ఊరి నీటి నుంచే రావాలి. బోరునీళ్ల ఊళ్లకు సమస్య రాదు. నది నీళ్ల పథకానికి మారిన ఊళ్లలో క్షారత తగ్గిపోతుంది, ప్లాంటు పీహెచ్ 6.5 కిందికి జారుతుంది, అమ్మోనియా మీద పనిచేసే బాక్టీరియా ఆగిపోతాయి. విరుగుడు వంట సోడా. లోటు 100 మి.గ్రా. ఉంటే రోజుకు 8 కిలోల పైచిలుకు. సున్నం చవకే, కానీ మెంబ్రేన్ మీద పెంకు కడుతుంది, వాడొద్దు. గాలి గది నుంచి అనాక్సిక్ గదికి తిరిగి పంపే నీరు లోపలికొచ్చే నీటికి మూడు నాలుగు రెట్లు ఉండాలి. చాలా పెట్టెల్లో ఆ పంపు సగమే ఉంటుంది.

భాస్వరం సంగతి వేరు. లీటరుకు 1 మి.గ్రా. కిందికి దించాలంటే ఈ ఊరికి రోజుకు 8 కిలోల పటిక పోయాలి. చెరువులోకి వదిలేటట్లయితే తప్పదు. నేపియర్ గడ్డికో కొబ్బరి తోటకో పారించేటట్లయితే భాస్వరం తీయడం రైతు ఎరువును డబ్బిచ్చి పారబోయడమే.

బురద

దీని గురించి బ్రోచర్లలో ఒక్క వరస కూడా కనపడదు. 30 కిలోల బీఓడీ తిన్న బాక్టీరియా రోజుకు సుమారు 12 కిలోల ఎండు బురద తయారు చేస్తాయి. ఒక శాతం చిక్కదనంతో తీస్తే 1200 లీటర్లు. రోజూ తీయాలి. తీయకపోతే ట్యాంకులో బురద లీటరుకు 8 నుంచి 12 గ్రాముల మధ్య ఉండాల్సింది 15 దాటుతుంది, నీరు గంజిలా చిక్కబడుతుంది, గాలి కరగదు, పీల్చే ఒత్తిడి ఎక్కుతుంది. అప్పుడు మెంబ్రేన్ చెడిందని మెకానిక్ చెబుతాడు. చెడింది మెంబ్రేన్ కాదు.

ఆపరేటరు ల్యాబు లేకుండా చేసుకోగల పరీక్ష ఉంది. 50 మి.లీ. బురద నీటిని మడిచిన ఫిల్టరు కాగితంలో పోసి 5 నిమిషాలాగాలి. కింద 10 మి.లీ. పైగా దిగితే బాగున్నట్టు. 5 లోపు దిగితే ఆ రోజే బురద తీయాలి, పీల్చే వేగం తగ్గించాలి. మామూలు ఎస్‌టీపీల్లో చేసే అరగంట జాడీ పరీక్ష ఇంత చిక్కటి బురదకు పనికిరాదు.

ఆరబెట్టే పడకలు 25 సెం.మీ. మందాన పోసి 12 రోజుల్లో తీస్తామనుకుంటే 58 చదరపు మీటర్లు. వానాకాలానికి దానికి రెట్టింపో, పైన పారదర్శక రేకుల కప్పో కావాలి. 3 మీటర్లు 4 మీటర్ల పడకలు ఆరు కట్టి కప్పేస్తే సరిపోతుంది. ఆరిన బురదను నేరుగా ఆకుకూర మడికి వేయకూడదు. చెత్తతో కలిపి వేడిగా కుళ్లబెట్టాకే పొలానికి. ట్యాంకులోకి మనిషిని దింపే ప్రసక్తే ఉండకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గొట్టాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపి శుభ్రం చేయించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం, పైగా ఈ గదుల్లో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడు రెండు మూడు శ్వాసల్లో మనిషిని పడేస్తుంది. మాడ్యూళ్లు పైకెత్తడానికి చైన్ పుల్లీ ఉన్న గ్యాంట్రీ కొటేషన్‌లోనే ఉండాలి.

కరెంటు, డబ్బు

ఇంత చిన్న ఎంబీఆర్‌కు వెయ్యి లీటర్లకు 2 యూనిట్లు వేసుకోవడం క్షేమం. రోజుకు 100, నెలకు 3000. యూనిట్‌కు 7 రూపాయలనుకుంటే నెలకు 21 వేలు, ఏడాదికి రెండున్నర లక్షలు. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ 2020 మార్గదర్శకాల్లో 5000 లోపు జనాభా ఊళ్లకు వాడుక నీటి నిర్వహణకు పెట్టింది మనిషికి 280 రూపాయల దాకా. ఈ ఊరికి అది 3 లక్షల 8 వేలు. అది ఒక్కసారి ఇచ్చే డబ్బు. కరెంటు బిల్లు ఏటా వస్తుంది. ఆ పైన ఆపరేటరు జీతం, హైపో, మెంబ్రేన్ మార్పిడికి ఏటా పక్కన పెట్టాల్సిన సొమ్ము. ఆర్థిక సంఘం టైడ్ నిధుల్లో (ఫలానా పనికే వాడాల్సిన నిధుల్లో) పారిశుద్ధ్యం వాటా మీదే ఆధారపడితే చీపురు, బ్లీచింగ్ కూడా మిగలవు.

లైను ఊరి ఫీడరు మీద తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడరుకు పగలు 9 గంటలే, దాని మీద బ్లోయర్ నడవదు. నాలుగైదు గంటలు గాలి ఆగినా బాక్టీరియా తేరుకుంటాయి. రోజు దాటితే అమ్మోనియా మీద పనిచేసేవి దెబ్బతిని, కోలుకోవడానికి వారాలు పడుతుంది. జనరేటరు ఖర్చును మొదటి అంచనాలోనే రాసుకోండి. ప్యానెల్లో ఫేజు పోతే ఆపే రిలే, బ్లోయర్‌కు సాఫ్ట్ స్టార్టరు ఉన్నాయా చూడండి. మట్టి రోడ్డు పక్కన పెడితే బ్లోయర్ గాలి ఫిల్టరు వారానికోసారి దులపాలి, నూనె మట్టం, బెల్టు బిగువు కూడా అప్పుడే చూడాలి.

ఎవరు కొనాలి

శుద్ధి నీరు తాగునీటి చెరువులోకి పోక తప్పని ఊరు, మరుగుదొడ్ల నీరు గొట్టాల్లో వచ్చే ఊరు, ఖాళీ జాగా నాలుగైదు సెంట్లకు మించి లేని ఊరు. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఎంబీఆర్ కొనండి. కంటైనర్ ఒక్కటే 30 చదరపు మీటర్లు. ట్యాంకులు, పడకలు, జల్లెడ, బండి తిరిగే దారి కలిపితే నాలుగైదు సెంట్లు పట్టేస్తుంది.

జాగా ఉంటే సెటిలర్ (మడ్డి అడుగుకు దిగే తొట్టి), అడ్డుగోడల వాయురహిత ట్యాంకు, ఆ తర్వాత మొక్కల గులకపడక. 60 సెం.మీ. లోతు, 35 శాతం ఖాళీ, మూడు రోజుల నిల్వ అనుకుంటే 50 కేఎల్‌డీకి దాదాపు 715 చదరపు మీటర్లు, అంటే 18 సెంట్లు, తెలంగాణ లెక్కలో ఏడు గుంటలు. మెట్టతామర, జమ్ము బాగా నిలబడతాయి. వాలు ఉన్న చోట కరెంటే అక్కర్లేదు. బీఓడీ లీటరుకు 30 మి.గ్రా. ఉన్నా చాలనే చోట ఇది సరిపోతుంది, నత్రజని 10 కిందికి తేవడం మాత్రం దీనివల్ల కాదు. మూసుకుపోయేది నీరు దిగే మొదటి రెండు మూడు మీటర్ల గులక. దాన్ని తవ్వి కడిగి తిరిగి పోయడానికి వీలుగా మొదటి వరుసలో 60 నుంచి 80 మి.మీ. రాళ్లు వేయించాలి.

జపాన్‌లో మురుగు గొట్టాలు లేని చోట ఇళ్లకు పెట్టే జోకాసో అనే చిన్న శుద్ధి ట్యాంకులకు 1983లోనే ప్రత్యేక చట్టం చేశారు. తరచూ నిర్వహణ, ఏడాదికోసారి బురద తీయడం, ఏడాదికోసారి బయటివారి తనిఖీ అందులో తప్పనిసరి. మన టెండర్లలో ప్లాంటుకు పది పేజీలు, నిర్వహణకు అర పేజీ.

కొనేటట్లయితే ఒప్పందంలో ఇవి రాయించుకోండి: రోజుకు 30 కిలోల బీఓడీ, 6 కిలోల నత్రజని మీద హామీ. మెంబ్రేన్ వైశాల్యం 139 చదరపు మీటర్లకు తగ్గకుండా. వెయ్యి లీటర్లకు వాడే యూనిట్లకు పైహద్దు, దాటితే కోత. ఐదేళ్ల నిర్వహణ అదే కంపెనీది, అందులో ఒక పూర్తి మెంబ్రేన్ మార్పిడి కలిపి. ఊరి మనుషులిద్దరికి మూడు నెలల శిక్షణ, తెలుగులో అచ్చేసిన లాగ్ పుస్తకంతో సహా. చివరి 20 శాతం బిల్లు ప్రారంభోత్సవం నాడు కాకుండా, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచి బయటి ల్యాబు తీసిన అమ్మోనియా ఫలితాలు వచ్చాక.